బెంచి మీది ఆటగాడి విలువ ఎంత?

పదో తరగతిలో సంభావ్యత పాఠం నడుస్తోంది. నాణేలు ఎగరేయడం, పాచికలు దొర్లించడం అయ్యాక వెనక వరుసలోంచి ఒక కుర్రవాడు లేచాడు. వాళ్ళ అన్నయ్య అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఆఫీసులో పన్నెండుమంది కలిసి కాగితం మీద జట్లు కట్టుకొని ఒక ఆట ఆడుకుంటారట.

"సార్, మా అన్నయ్య తన జట్టులోకి బెంచి మీద కూర్చునే ఆటగాళ్ళను ముగ్గురిని తీసుకున్నాడట. అదేమిటని అడిగితే లెక్క ప్రకారమే తీసుకున్నానంటున్నాడు. ఆడనివాణ్ణి తీసుకోవడం ఏం లెక్క సార్?"

తరగతంతా నవ్వింది. కాని నవ్వి వదిలేయదగిన ప్రశ్న కాదది. ఆ రోజు గంట కొట్టేయడంతో సగంలో ఆగిపోయిన సమాధానాన్ని ఇక్కడ పూర్తి చేస్తాను.

ముందు ఆట సంగతి

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. అమెరికావాళ్ళు తమ దేశంలో రూపుదిద్దుకున్న వేరొక ఆటను ఆ పేరుతో పిలుస్తారు. బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొనలూ మొనదేలి, కోడిగుడ్డును సాగదీసినట్టు ఉంటుంది. పక్షానికి 11 మంది. రెండు గోల్ గీతల మధ్య దూరం 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు పోవాలి. పోగలిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. లేకపోతే బంతి ఎదుటి జట్టుకు దక్కుతుంది. బంతితో అవతలి గోల్ గీత దాటితే దాన్ని టచ్‌డౌన్ అంటారు. దానికి 6 పాయింట్లు.

బంతిని చంకలో ఇరికించుకొని ఎదుటివాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయే ఆటగాడి పేరు రన్నింగ్ బ్యాక్. మన చెడుగుడులో కూతకు వెళ్ళినవాణ్ణి తలుచుకోండి. ఎదుటి పక్షమంతా అతని మీదే పడుతుంది. రన్నింగ్ బ్యాక్ పరిస్థితీ అంతే. పైగా ఒక్కొక్క ఆటలో అతను ఇరవైసార్లు, అంతకుమించి కూడా అలా వెళ్ళవలసి రావచ్చు. మీదపడేవాళ్ళలో వంద కిలోలు దాటినవాళ్ళు చాలామంది ఉంటారు. అందుకే దెబ్బలు ఎక్కువ. అందుకే ప్రతి జట్టూ రెండో రన్నింగ్ బ్యాక్‌ను, ఒక్కోసారి మూడోవాణ్ణి కూడా సిద్ధంగా ఉంచుకుంటుంది.

అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లున్నాయి. 2021 నుంచి ప్రతి జట్టూ సీజనులో 17 ఆటలు ఆడుతోంది.

కాగితం మీది జట్టు

ఇక కుర్రవాడి అన్నయ్య ఆడే ఆట. దీన్ని ఫాంటసీ ఫుట్‌బాల్ అంటారు, అంటే ఊహాజట్ల ఆట. ఓక్లాండ్ రైడర్స్ జట్టు యజమానుల్లో ఒకరైన బిల్ వింకెన్‌బాక్ 1962లో న్యూయార్క్‌లోని ఒక హోటల్లో మరికొందరితో కూర్చొని దీని నియమాలు రూపొందించారు. 1963లో ఎనిమిది ఊహాజట్లతో మొదటి పంపకం జరిగింది.

సాయంత్రం మైదానంలో మీరు జట్లు పంచుకుంటారు కదా. ఇద్దరు నాయకులు ఒకరి తరవాత ఒకరు తమకు కావలసినవాణ్ణి కోరుకుంటారు. ఇదీ అలాగే. పన్నెండుమంది ఉంటే మొదటి వరుసలో 1 నుంచి 12 వరకు, రెండో వరుసలో 12 నుంచి 1 వరకు, పాము మెలికలు తిరిగినట్టు ఎంపిక సాగుతుంది. 16 వరుసలు అనుకుంటే మొత్తం 192 మంది ఆటగాళ్ళు పంపకమవుతారు. తరవాత ప్రతి వారం ఎవరి జట్టులోంచి వారు కొందరిని ఆటలో పెడతారు, మిగిలినవాళ్ళను బెంచి మీద ఉంచుతారు. నిజం మైదానంలో ఆ కొందరు ఎంత బాగా ఆడితే కాగితం మీద అన్ని పాయింట్లు. సాధారణంగా పరుగెత్తిన 10 గజాలకు 1 పాయింటు, టచ్‌డౌన్‌కు 6. బెంచి మీద ఉంచినవాడు ఎంత బాగా ఆడినా లెక్కలోకి రాడు.

32 జట్లున్నాయంటే మొదటి రన్నింగ్ బ్యాకులు కూడా సుమారు 32 మందే. చివరి వరుసలు వచ్చేసరికి వాళ్ళెవరూ మిగలరు. మిగిలేది రెండు రకాలవాళ్ళు: ప్రతి వారం కొద్దిగా ఆడే సాదా ఆటగాళ్ళు, ఎప్పుడోగాని ఆడని రెండోవాళ్ళు. ఎవరి కంటా పడకుండా ఉండి తరవాత పెద్దగా రాణించగల ఆటగాణ్ణి అక్కడివాళ్ళు స్లీపర్ అంటారు. మన రైళ్ళలోని స్లీపర్ కాదు, నిద్రలో ఉన్నవాడు అని అర్థం.

నిద్ర లేచినవాళ్ళు

2015లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో లెవియాన్ బెల్ మొదటివాడు, డి ఏంజెలో విలియమ్స్ రెండోవాడు. నవంబరు 1న బెల్ మోకాలికి దెబ్బ తగిలి సీజను ముగిసిపోయింది. బంతి విలియమ్స్ చేతికి వచ్చింది. ఆ సీజనులో అతను 907 గజాలు పరుగెత్తి 11 టచ్‌డౌన్లు చేశాడు. లెక్కవేయండి: 90.7 + 66 = 156.7 పాయింట్లు.

2018లో అదే బెల్ జీతం ఒప్పందం కుదరక సీజనంతా ఆడలేదు. ఈసారి రెండోవాడు జేమ్స్ కానర్. 13 ఆటల్లో 973 గజాలు, 12 టచ్‌డౌన్లు. పరుగు మీదనే ఆటకు సుమారు 13 పాయింట్లు!

2024లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు మొదటి ఆట సెప్టెంబరు 9న. ఆ ఏడాది ఊహాజట్లలో అందరికంటే ముందు కోరుకున్న ఆటగాళ్ళలో ఒకడైన క్రిస్టియన్ మెకాఫ్రీ కాలి నొప్పితో దిగలేదు. జోర్డాన్ మేసన్ దిగాడు. 28 సార్లు బంతి అందుకొని 147 గజాలు పరుగెత్తి, ఒక టచ్‌డౌన్ చేశాడు. అంటే పరుగు మీద 20.7 పాయింట్లు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మొదటివాడు తప్పుకున్నా జట్టు వ్యూహం మారలేదు. దారి చేసే సహచరులు మారలేదు. బంతి అందుకునే స్థానం అలాగే ఉంది. అందులోకి మనిషి మాత్రం మారాడు. రెండోవాడి విలువ అతని కాళ్ళలోనే కాదు, అతను ఏ స్థానం వెనక నిలబడి ఉన్నాడన్న దానిలో కూడా ఉంటుంది.

మామూలు సగటు చెప్పే తీర్పు

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. లెక్క తేలికగా ఉండడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఏదైనా ఒక వారం మొదటివాడు ఆడకపోయే సంభావ్యత 1/4. అప్పుడు రెండోవాడికి 15 పాయింట్లు వస్తాయి. మొదటివాడు ఆడితే, అంటే మిగిలిన 3/4 లో, రెండోవాడికి 3 పాయింట్లే. ఇక సాదా ఆటగాడికి ప్రతి వారం 8.

రెండోవాడి సగటు: (1/4 × 15) + (3/4 × 3) = 3.75 + 2.25 = 6.

సాదా ఆటగాడు 8, రెండోవాడు 6. సాదా ఆటగాడే మేలు! తరగతి నవ్వింది అందుకే. మామూలు సగటు చెప్పే తీర్పు అదే.

ఆ తీర్పులో తప్పెక్కడుంది?

సగటు వేసేటప్పుడు మనం ఒక మాట చెప్పకుండానే ఒప్పుకున్నాం: రెండోవాణ్ణి ప్రతి వారం ఆటలో పెడుతున్నామని. కాని అలా పెట్టవలసిన అవసరమేముంది? ఎవరు ఆడుతున్నారో, ఎవరు ఆడటం లేదో జట్లు ఆట మొదలవడానికి 90 నిమిషాల ముందే ప్రకటించాలన్నది అక్కడి నియమం. మొదటివాడు ఆడుతున్నాడని తెలిస్తే రెండోవాణ్ణి బెంచి మీదే ఉంచి, సాదా ఆటగాణ్ణి పెట్టుకోవచ్చు. సాదా ఆటగాళ్ళకు కొరత లేదు. 192 మంది పంపకమైపోయాక కూడా అలాంటివాళ్ళు మిగిలే ఉంటారు, ఎప్పుడంటే అప్పుడు తెచ్చుకోవచ్చు.

అయితే 3 వచ్చే వారాల్లో మనకు 8 వస్తుంది. లెక్క మళ్ళీ వేద్దాం:

(1/4 × 15) + (3/4 × 8) = 3.75 + 6 = 9.75.

6 అనుకున్నది 9.75 అయింది! ఆటగాడు మారలేదు, సంభావ్యత మారలేదు. మారింది ఒక్కటే. ముందు తెలుసుకొని, తరవాత నిర్ణయించుకునే స్వేచ్ఛ మనకుంది. ఆ స్వేచ్ఛకు విలువ ఉంది, ఆ విలువను అంకెల్లో కొలవవచ్చు. ఈ పాఠంలో అసలు విషయం ఇదే.

మన రైతులకు ఇది కొత్తకాదు. నాట్లయ్యాక కొంత నారు మడి మూల ఉంచుతారు. ఎక్కడైనా మొక్కలు చచ్చి ఖాళీలు పడితే తెచ్చి అక్కడ నాటుతారు. ఖాళీలు పడకపోతే ఆ గుప్పెడు నారు వృథా అయినా పెద్ద నష్టం లేదు. పడితే మాత్రం ఆ నారే పంటను కాపాడుతుంది.

ముగ్గురిని ఎందుకు తీసుకున్నాడు?

ఒక రెండోవాడికి అవకాశం రాకపోయే సంభావ్యత 3/4. మూడు వేరువేరు జట్లలోని రెండోవాళ్ళను తీసుకుంటే, ముగ్గురిలో ఎవరికీ రాకపోయే సంభావ్యత 3/4 × 3/4 × 3/4 = 27/64. దీనికి పూరక ఘటన కనీసం ఒకరికైనా అవకాశం రావడం. దాని సంభావ్యత 1 − 27/64 = 37/64. అంటే సగానికి పైనే!

ఇలా గుణించాలంటే అవి స్వతంత్ర ఘటనలు కావాలి. ఒక జట్టువాడికి కాలు బెణికితే మరో జట్టువాడికి బెణకాలని లేదు గనక వేరువేరు జట్లయితే గుణించవచ్చు. ఒకే జట్టులోని రెండోవాణ్ణి, మూడోవాణ్ణి తీసుకొని ఇలా గుణిస్తే తప్పు. మొదటివాడు క్షేమంగా ఉంటే ఇద్దరూ ఒక్కసారే బెంచికి అంటుకుపోతారు.

సగటు ఒకటే, హెచ్చుతగ్గులు వేరు

ఇంకో ప్రశ్న. మన దగ్గరున్న మొదటివాడి వెనక నిలబడ్డ రెండోవాణ్ణే తీసుకోవాలా? లేక వేరొకరి మొదటివాడి వెనక ఉన్నవాణ్ణా? మొదటి పద్ధతిని అక్కడ హ్యాండ్‌కఫ్ అంటారు, అంటే చేతిసంకెల. ఇద్దరినీ ఒకే సంకెలతో కట్టి ఉంచుకున్నట్టన్నమాట.

మనం ప్రతి వారం ఇద్దరిని ఆటలో పెట్టాలి. మొదటివాడు ఆడితే 15, అతని బదులు రెండోవాడు ఆడినా 15, సాదా ఆటగాడికి 8 అనుకుందాం.

చేతిసంకెల పద్ధతిలో మనవాడు ఆడితే 15 + 8 = 23. ఆడకపోతే అతని రెండోవాడు 15 తెస్తాడు గనక మళ్ళీ 23. ఎప్పుడూ 23.

వేరొకరి రెండోవాణ్ణి తీసుకుంటే నాలుగు రకాలుగా జరగవచ్చు. మొదటివాళ్ళిద్దరూ ఆడితే 15 + 8 = 23; దీని సంభావ్యత 9/16. మనవాడు ఆడి అవతలివాడు ఆడకపోతే 15 + 15 = 30; ఇది 3/16. మనవాడు ఆడక అవతలివాడు ఆడితే 8 + 8 = 16; ఇదీ 3/16. ఇద్దరూ ఆడకపోతే 8 + 15 = 23; ఇది 1/16. సగటు తీయండి: (9 × 23 + 3 × 30 + 3 × 16 + 1 × 23) ÷ 16 = 368 ÷ 16 = 23.

రెండు పద్ధతుల సగటూ 23! కాని మొదటిది నిలకడగా ఉంటుంది, రెండోది 16 కీ 30 కీ మధ్య ఊగుతుంది. పన్నెండుమందిలో మొదట నిలిచినవాడికే బహుమతి అయితే ఊగేది మేలు కావచ్చు. దెబ్బ తినకుండా ఉంటే చాలనుకుంటే నిలకడే మేలు. సగటు ఒక్కటి చూసి ఏ విషయాన్నీ తేల్చకూడదని ఇందువల్ల తెలుస్తోంది.

లెక్క ఎక్కడ మోసపోతుంది?

పైన విలియమ్స్, కానర్, మేసన్ పేర్లు చెప్పాను. మిగతావాళ్ళ పేర్లు చెప్పలేదు. ఎందుకు? సీజనంతా బెంచి మీదే కూర్చున్నవాళ్ళ గురించి ఎవరూ రాయరు గనక. గెలిచినవాళ్ళను మాత్రమే లెక్కపెడితే 1/4 కాస్తా మన మనసులో 3/4 గా మారిపోతుంది. లాటరీ తగిలినవాడి ఫొటో పత్రికలో పడుతుంది, తగలనివాళ్ళ ఫొటోలు వేయడానికి పత్రిక చాలదు. కాబట్టి ఏ ఉదాహరణ విన్నా, వినబడనివి ఎన్ని అని అడగండి.

రెండో మోసం, కొద్ది ఆటలు చూసి తీర్పు చెప్పడం. మిన్నెసోటా జట్టులో డాల్విన్ కుక్ వెనక అలెగ్జాండర్ మాటిసన్ ఉండేవాడు. 2021లో కుక్ లేని రెండు ఆటల్లో అతను 112, 113 గజాలు పరుగెత్తాడు. ఇంకేం, స్థానం దొరికితే చాలు అనుకున్నారు చాలామంది. 2023లో కుక్ ఆ జట్టులో లేడు, స్థానం మాటిసన్‌కే దొరికింది. సీజనంతటికీ 700 గజాలు, పరుగుతో చేసిన టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే రెండూ బొమ్మే పడవచ్చు. అంతమాత్రాన అది ఎప్పుడూ బొమ్మే పడే నాణెం అనరాదు.

డబ్బు కలిస్తే

ఇక్కడ మీతో ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. ఇలాంటి ఊహాజట్ల ఆటలు మన దగ్గర క్రికెట్ పేరుతో ఫోన్లలోకి వచ్చాయి, డబ్బు పందెంతో సహా. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధిస్తూ చట్టాలను సవరించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచి లెక్క చూడండి.

పన్నెండుమంది తలా 100 రూపాయలు వేశారు. మొత్తం 1,200. ఆట నడిపేవాడు పదోవంతు తీసుకుంటే బహుమతులకు మిగిలేది 1,080. పన్నెండుతో భాగిస్తే తలకు 90. అందరూ ఎంత తెలివిగా ఎంచుకున్నా సగటున ప్రతివాడూ 10 రూపాయలు పోగొట్టుకుంటాడు. తెలివి ఒకరి డబ్బును ఇంకొకరి జేబులోకి మార్చగలదు గాని, ఆ పదిని వెనక్కి తేలేదు.

బెంచి మీది ఆటగాడి లెక్క మనకు అనుకూలించింది ఎందుకు? అవకాశం రాని వారాల్లో మనం ఏమీ పోగొట్టుకోలేదు గనక. "ఈ వారం వద్దు" అని ఊరికే పక్కన పెట్టగలిగాం గనక. పందెంలో ఆ వెసులుబాటు లేదు. ఓడిన ప్రతిసారీ జేబులోంచే పోతుంది. చూడ్డానికి రెండూ "చిన్న ఖర్చు, పెద్ద ఆశ"గానే కనబడతాయి. ఒకదానిలో ఓటమికి ఖరీదు లేదు, రెండోదానిలో ఉంది. ఈ తేడా గుర్తించలేకే అప్పులపాలవుతున్నారు.

ఆ 1/4 వెనక

చివరిగా ఒక సంగతి. 2024 డిసెంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఆడిన ఆటలో, తిరిగి వచ్చిన మెకాఫ్రీకి మోకాలి దెబ్బ తగిలింది. అదే ఆటలో మేసన్‌కు చీలమండ దెబ్బతింది. మూడోవాడు ఐజాక్ గెరెండో ముందుకు రావలసి వచ్చింది. కాగితం మీద గెరెండోను తీసుకున్నవాళ్ళకు అది శుభవార్తే. కాని మనం సులువుగా 1/4 అని రాసుకున్న చోట ఒక మనిషి మోకాలు ఉంది, అతని కుటుంబం బతుకుతెరువు ఉంది. అంకె ఆ సంగతి చెప్పదు. చదివేవాళ్ళం మనమే గుర్తుంచుకోవాలి.

మర్నాడు ఆ కుర్రవాడు, "అన్నయ్యకు ఏం చెప్పమంటారు సార్?" అని అడిగాడు. "లెక్క సరిగ్గానే ఉందని చెప్పు. డబ్బు మాత్రం పెట్టవద్దని చెప్పు. మొదటివాడు కింద పడితే ముందు అతను లేస్తాడా లేదా చూడమని చెప్పు, పాయింట్లు తరవాత" అన్నాను.

మీరే చేసి చూడండి

రెండు నాణేలు తీసుకోండి. రెండూ ఒకేసారి ఎగరేస్తే రెండూ బొమ్మ పడే సంభావ్యత 1/4. అలా పడితే రెండోవాడికి అవకాశం వచ్చినట్టు. ముగ్గురు రెండోవాళ్ళకు గాను మూడుసార్లు ఎగరేయండి. అది ఒక వారం. ముగ్గురిలో ఒక్కరికైనా అవకాశం వస్తే 15, ఎవరికీ రాకపోతే 8 రాసుకోండి. ఇలా 64 వారాలు చేయండి. తరగతిలో నలుగురు పంచుకుంటే తలా 16 వారాలే. సుమారు 37 వారాల్లో 15 రావాలి; సగటు 12 దగ్గరగా ఉండాలి. మొదటి 4 వారాల సగటును, మొత్తం 64 వారాల సగటును పక్కపక్కన రాసి చూడండి. ఏది 12 కు ఎక్కువ దగ్గరగా ఉంది? మీ స్నేహితుల అంకెలతో కూడా పోల్చి చూడండి. మాటిసన్ కథ ఎందుకు చెప్పానో అప్పుడు తెలుస్తుంది.